ఇరవై ఒక్క కిలోమీటర్లూ, ఒక డిశ్చార్జ్ బుక్కూ

నవంబరు మా బ్రాంచిలో లైఫ్ సర్టిఫికెట్ల నెల. రిటైరైన టీచర్లు, రైల్వేవాళ్లు, కరెంటాఫీసు వాళ్లు, మిలట్రీవాళ్లు అందరూ వచ్చి తాము బతికే ఉన్నామని నాకు రుజువు చూపించి వెళ్తారు. పెన్షన్ కౌంటర్లో చాన్నాళ్లుగా కూర్చుంటున్నదాన్ని, మనిషి నోరు విప్పకముందే ఏ డిపార్టుమెంటో చెప్పేస్తాను. మిలట్రీ ఆయనైతే కాగితాలన్నీ ఫైల్లో ట్యాగు వేసి ఉంటాయి, ప్రతిదానికీ జిరాక్సులు ఉంటాయి, పెన్ను సొంతది తెచ్చుకుంటాడు. టీచరు గారైతే నా పెన్ను అడిగి తీసుకుని, నేను నింపిన ఫారంలో తప్పులు దిద్ది, పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు.

ఇప్పుడు రక్షణ శాఖ పెన్షన్లు చాలావరకు 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారిపోయాయి. డబ్బు ప్రయాగరాజ్ నుంచి నేరుగా ఖాతాలో పడుతుంది. దాంతో మాకు పని తగ్గిందని పైవాళ్ల లెక్క. ఎక్కడ తగ్గిందండీ? పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా, వేలిముద్ర పడకపోయినా, ఓటీపీ హైదరాబాదులో ఉన్న మనవడి ఫోనుకు పోయినా వచ్చేది నా దగ్గరికే. ముఖం చూపిస్తే సర్టిఫికెట్ ఇచ్చే యాప్ వచ్చాక కాస్త నయం. పొలం పని చేసిన వేళ్లను మెషిను ఒక పట్టాన ఒప్పుకోదు.

ఈ కౌంటరు సంగతంతా ఎందుకంటే, మొన్న డిసెంబర్ 7న నేను హాఫ్ మారథాన్ పరుగెత్తాను. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదువుకుంటారని తెలుసు. కదిలిపోతున్న సిటీ బస్సు వెనక కూడా పరుగెత్తే రకం కాదు నేను. ఆ పరుగుకు మూలం ఈ కౌంటరే, కౌంటరుకు ఎదురుగా గేటు దగ్గర నిలబడే మా గార్డు గారే.

ఆయన మాజీ సైనికుడు. అందులో వింతేమీ లేదు, బ్యాంకుల్లో తుపాకీ పట్టుకుని నిలబడే గార్డుల్లో ఎక్కువమంది ఆర్మీ నుంచి వచ్చినవాళ్లే. ప్రభుత్వ బ్యాంకుల్లో గ్రూప్-సి ఉద్యోగాల్లో 14.5 శాతం, గ్రూప్-డిలో 24.5 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. ఈయనది గిద్దలూరు వైపు పల్లె. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగు, తర్వాత ఊరూరా తిరుగుడు, చివరికి హవల్దారుగా బయటికి. 1999లో ద్రాస్ దగ్గర బోఫోర్స్ గన్ను పక్కన నిలబడి గుండ్లు అందించారు. ఒక్కో గుండు నలభై కిలోల పైమాటే. ఈ సంగతి ఆయనంతట ఆయన చెప్పింది కాదు. మా క్యాషియరమ్మాయి ఎడమవైపు నుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకడని, "ఎంత పొగరండీ ఈ మనిషికి!" అని విసుక్కునేది. అప్పుడు అడిగితే తెలిసింది, ఎడమ చెవి వినిపించదని. ఫిరంగుల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు అది మామూలేనట. అప్పటినుంచి బ్రాంచి మొత్తం ఆయనకు కుడివైపు వెళ్లి మాట్లాడటం నేర్చుకుంది. నేను ఆయన్ని హవల్దార్ గారూ అంటాను, ఆయన నన్ను మేడమ్ అంటారు.

మాజీ సైనికుడనగానే మనకు నెరిసిన మీసాల తాతయ్య కళ్లముందు ఆడతాడు. సిపాయిగా చేరినవాడు పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు చేసి ముప్పై అయిదుకో నలభైకో ఇంటికొచ్చేస్తాడు. పిల్లల ఫీజులు, ఇంటద్దె, పెద్దవాళ్ల మందులు అన్నీ ఒక్కసారి మీదపడే వయసు అది. వచ్చే పెన్షను సగం సంసారానికి సరిపోతుంది, మిగతా సగానికి గేటు దగ్గర నిలబడాలి. ఇక్కడ చుట్టాల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఏడాదంతా ఫోను చెయ్యని బావమరుదులు పండక్కి ముందు మాత్రం "బావా, క్యాంటీన్లో ఈ నెల నీ కోటా ఉందా?" అని ఆప్యాయంగా పలకరిస్తారట. మా హవల్దార్ గారు మందు ముట్టరు. ఆయన కోటా మీద ఆశ పెట్టుకున్న బంధుబలగం ఎంతో నాకు ఈమధ్యే అర్థమైంది.

నాకు షుగరు సరిహద్దు దగ్గర ఉందని డాక్టరమ్మ చెప్పిన వారం, ఆఫీసులో నా మొహం చూసి ఆయన, "మేడమ్, రేపు అయిదింటికి స్టేడియం దగ్గరికి రండి" అన్నారు. సలహా కాదది, ఆర్డరు. ఇందిరాగాంధీ స్టేడియానికి వెళ్లాను. చుడీదారు, దాని కింద మా అబ్బాయి కాలేజీ బూట్లు.

అక్కడ చీకట్లోనే కుర్రాళ్లు పరుగెడుతుంటారు. చాలామంది అగ్నివీర్ ర్యాలీకి తయారయ్యేవాళ్లు. ఒక మైలు, అంటే 1.6 కిలోమీటర్లు, అయిదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే నిండా అరవై మార్కులు. ఒక్క సెకను దాటితే నలభై ఎనిమిదికి పడిపోతాయి. ఆపైన పది పులప్పులు, తొమ్మిదడుగుల గొయ్యి దూకడం. కొందరికి బూట్లు కూడా లేవు, ఉత్త కాళ్లు. హవల్దార్ గారు ఎవరూ అడగకుండానే వాళ్ల పక్కన కాసేపు పరుగెత్తి, "చేతులు ఛాతీకి అడ్డంగా ఊపకు, ముందుకీ వెనక్కీ" అని దిద్ది వస్తారు. ఈ కుర్రాళ్లు తీసుకునేది నాలుగేళ్ల ఉద్యోగం, ఆ తర్వాత నలుగురిలో ఒక్కరికే కొనసాగింపు. "నాలుగేళ్ల తర్వాత ఏంటి సార్?" అని ఒకడు అడిగాడు. "ముందు అయిదున్నర నిమిషాల సంగతి చూడు" అన్నారాయన. ఇంటికొచ్చే దారిలో మాత్రం ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

నాకు ఆయన నేర్పిన సూత్రం ఒకటే. పరుగెత్తుతూ మాట్లాడగలగాలి. మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టు. ఆ లెక్కన నాకు బదిలీల రాజకీయం మొదలుకుని మా అత్తగారి మోకాళ్ల ఆపరేషన్ దాకా చెప్పడానికి విషయాలు బోలెడు. కొన్నాళ్లు విన్నాక ఆయనే తేల్చేశారు: "మేడమ్, మీరు లాంగ్ డిస్టెన్స్ మనిషి."

బెజవాడలో పరుగు నేర్చుకోవడం అంటే ముందు ఉక్కపోతతో ఒప్పందం చేసుకోవడం. ఆగస్టులో తెల్లారుజామున అయిదింటికే చొక్కా పిండితే నీళ్లొస్తాయి. ఉప్పేసిన మజ్జిగ, బార్లీ నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు మా ఇంట్లో పప్పూ ఉప్పులతో సమానమైపోయాయి. కాలవగట్టు మీద కుక్కలు ఒక వారం తరిమి, తర్వాత వారం నుంచి తోడు రావడం మొదలెట్టాయి. ఎదురింటి పిన్నిగారు రోజూ ముగ్గేస్తూ, "ఎవరైనా తరుముతున్నారా అమ్మాయ్?" అని అడిగేవారు. కుక్కలండీ అంటే నవ్వలేదు, నిజమే అనుకున్నారు.

ఆ రోజుల్లోనే ఒకావిడ కౌంటరుకొచ్చారు. డెబ్బై దాటిన మనిషి, సింగ్‌నగర్ నుంచి. బ్రెడ్డు ప్యాకెట్టు కవర్లో చుట్టిన ఒక పుస్తకం బయటికి తీశారు. డిశ్చార్జ్ బుక్, అంటే సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకం. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు అదీ మునిగింది. పేజీలు ఒకదానికొకటి అతుక్కుని, సిరా నీలం మరకలై, సర్వీసు నంబరు ఉండాల్సిన చోట సగం అంకెలే మిగిలాయి. ఆవిడ భర్త ఆర్మీలో లారీ డ్రైవరు. పెన్షనుకు కావలసిన పదిహేనేళ్లు నిండకుండానే బయటికొచ్చాడు, ఆటోనగర్లో లారీల దగ్గర పనిచేశాడు, పోయాడు. "మిలట్రీ పెన్షన్ ఏమైనా వస్తదా అమ్మా?" అని అడిగారు.

రాదు. సర్వీసు నిండనివాడికి పెన్షన్ లేదు, పెన్షన్ లేనివాడి భార్యకు ఫ్యామిలీ పెన్షన్ లేదు. నా దగ్గరున్న జవాబు అదే, అదే చెప్పాను. ఆవిడ పుస్తకం మళ్లీ కవర్లో చుట్టుకుంటుంటే గేటు దగ్గర్నించి హవల్దార్ గారు వచ్చి, "మామ్మగారూ, ఉండండి" అన్నారు.

పెన్యురీ గ్రాంటు అని ఒకటుంది. పెన్షన్ రాని మాజీ సైనికులు, వాళ్ల భార్యలు, హవల్దారు హోదా దాకా, అరవై అయిదేళ్లు దాటి వేరే ఆదాయం లేకపోతే నెలనెలా కొంత సొమ్ము ఇస్తారు. ఇచ్చేది కేంద్రీయ సైనిక బోర్డు. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్లాలి. ఆ డబ్బు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుంచి వస్తుంది. చిన్నప్పుడు స్కూల్లో రూపాయి తీసుకుని చొక్కాకు గుచ్చే కాగితం జెండా గుర్తుందా? ఎరుపు, ముదురు నీలం, లేత నీలం, మూడు రంగులు మూడు దళాలకు. 1949 నుంచి ఏటా డిసెంబర్ 7న ఆ జెండాలు గుచ్చుతున్నారు. ఆ రూపాయి ఎక్కడికి పోతుందో నేను ఎప్పుడూ అనుకోలేదు. అది ఈ కౌంటరు ముందు నిలబడ్డ ఆవిడ దాకా రావాల్సిన రూపాయని ఆవేళ తెలిసింది.

మా పరుగు గ్రూపు వాళ్లు, వాళ్లకు తెలిసిన కొందరు మాజీ సైనికులు కలిసి పతాక దినోత్సవానికి ఒక పరుగు పెడదామని అప్పటికే అనుకుంటున్నారు. ఈసారి డిసెంబర్ 7 ఆదివారమే పడింది. అయిదు, పది, ఇరవై ఒకటి కిలోమీటర్లు. వచ్చిన సొమ్ము పతాక నిధికి. వాట్సాప్‌లో పోస్టరు పెట్టారు: మంచుకొండ, తుపాకీ, వెనక సూర్యోదయం, 'మన వీరుల కోసం'. బాగానే ఉంది. నేను హవల్దార్ గారికి చూపించాను. ఆయన ఫోను దూరంగా పట్టుకుని చూసి, "నా పెన్షన్ నాకొస్తోంది, ఇక్కడ జీతమూ వస్తోంది. నాకెందుకు మేడమ్ సాయం? రానివాళ్ల బొమ్మ వెయ్యమనండి" అన్నారు.

అది నా మనసులో పడింది. మీటింగులో లేచి చెప్పాను, పోస్టరు మీద మంచుకొండ తీసేసి ఈ నిధితో ఏమేం ఇస్తారో రాద్దామని. పెన్యురీ గ్రాంటు అప్పటిదాకా నెలకు 4,000 రూపాయలు ఉండేది. 2025 అక్టోబర్లో రెట్టింపు చేశారు, నవంబర్ 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 8,000. పిల్లల చదువుకు నెలకు 1,000 ఉన్నది 2,000, ఇద్దరు పిల్లల దాకా. కూతురి పెళ్లికి 50,000 ఉన్నది లక్ష. ఇవి చూస్తే జనానికి డబ్బు ఎటు పోతుందో తెలుస్తుంది కదా అన్నాను. డిజైన్ చేసిన కుర్రాడు, "అంకెలకు జనం రారండీ, మంచుకొండకు వస్తారు" అన్నాడు. చివరికి మంచుకొండ అలాగే ఉంది, కింద అంకెలు చేరాయి, చిన్న అక్షరాలతో. బ్యాంకుదాన్ని, చిన్న అక్షరాల విలువ నాకు తెలుసు, ఊరుకున్నాను.

ఊరుకోనిది పతకాల దగ్గర. రిజిస్ట్రేషన్ ఫీజులో సగం టీషర్టుకు, పతకానికి, ప్లాస్టిక్ ఆర్చికి పోతే నిధికి చేరేది ఎంత? ఈ ఊళ్లో అనే కాదు, ఎక్కడ ఛారిటీ పరుగు పెట్టినా నేను ముందు అడిగేది ఇదే. ఫీజు వేరు, విరాళం వేరు అని రెండు లెక్కలు పెట్టించాను. ఫీజుతో ఖర్చులు నడవాలి, విరాళంలో పైసా కూడా కదలకూడదు. దీనికి పెద్ద గొడవే అయింది. పతకాలు ఉండాల్సిందేనని పిల్లలు పట్టుబట్టారు. సరే ఉండనివ్వండి, టీషర్టు మాత్రం ఎవరిది వాళ్లు వేసుకుని రావాలని తేల్చాం.

విరాళాలు నేను కిలోమీటరు లెక్కన అడిగాను. కిలోమీటరుకు వంద, పూర్తిచేస్తేనే ఇవ్వండి అని. మా మేనేజరు గారు నవ్వి, "అయితే నేను వెయ్యి రాసుకుంటా, ఎలాగూ ఇచ్చే పని లేదుగా" అన్నారు. అందరూ వినేటట్టు అన్నారు, నాకు కావలసిందీ అదే. కూరగాయల సత్తెమ్మగారి బండి దగ్గర్నించి గవర్నర్‌పేటలో మందుల షాపు దాకా ఎవర్నీ వదల్లేదు. ఒక ముఖ్యమైన ముచ్చట: ఈ నిధికి ఇచ్చే విరాళానికి ఆదాయపన్ను మినహాయింపు ఉంది, కానీ కొత్త పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకు అది వర్తించదు. ఈ మాట చెప్పాక కూడా ఇచ్చినవాళ్లే నిజంగా ఇచ్చినవాళ్లు.

పరుగు రోజు అయిదింటికి మొదలు. చలి ఉందని చెప్పుకోవడానికి సరిపడా చలి ఉంది. స్టేడియం నుంచి బందరు రోడ్డు మీదుగా ప్రకాశం బ్యారేజీ, అక్కడినుంచి సీతానగరం, ఉండవల్లి, పెనుమాక వైపు వెళ్లి వెనక్కి. రెండొందల మందికి లోపే ఉన్నాం. హవల్దార్ గారు నా ఎడమ పక్కన చేరారు, అప్పుడు ఆయన కుడి చెవి నా వైపు ఉంటుంది.

మొదటి కిలోమీటర్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు. అందరూ జోరుగా నన్ను దాటుకుని పోయారు, నేను మాట్లాడుకుంటూ పోయాను.

బ్యారేజీ మీదికి వచ్చేసరికి ఎడమపక్క నదిలో చీకటి, కుడిపక్క కొండమీద అమ్మవారి గుడి దీపాలు. కిలోమీటరు పైన ఉంటుంది బ్యారేజీ, 1957లో కట్టారు, డెబ్బై గేట్లు. మామూలు రోజుల్లో స్కూటర్ల హారన్ల మధ్య అది ఒక రోడ్డే. ఆ వేళప్పుడు మాత్రం గేట్ల సందుల్లోంచి నీళ్ల చప్పుడు వినిపించింది. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే, ఆ చప్పుడు మొదటిసారి విన్నాను. హవల్దార్ గారికి చెప్తే, ఆయన ఒక అర నిమిషం తల పక్కకు వంచి కుడిచెవి నదివైపు పెట్టి పరుగెత్తారు. "వస్తోంది" అన్నారు.

ఎదురుగా గుంటూరు వైపు నుంచి భవానీలు నడిచొస్తున్నారు, ఎర్ర బట్టలు, నెత్తిన ఇరుముళ్లు. మరికొద్ది రోజుల్లో దీక్ష విరమణలు, గుడి చుట్టుపక్కల అప్పటికే క్యూలైన్లకు కర్రలు పాతుతున్నారు. వాళ్ల కాళ్లకు చెప్పులు లేవు, ఎన్ని ఊళ్లు దాటి వస్తున్నారో. నా కాళ్లకు వేలు పోసి కొన్న బూట్లు, అందులో జెల్లు. "జై భవానీ" అని వాళ్లు అరిస్తే మేమూ అన్నాం. వాళ్లలో ఒక పెద్దాయన మా చొక్కాలకు గుచ్చిన కాగితం జెండాలు చూసి, నడక ఆపి, మా హవల్దార్ గారికి సెల్యూట్ చేశాడు. ఇరుముడి పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని. ఏ యూనిట్టో ఏమో, ఇద్దరూ రెండు ముక్కలు హిందీలో మాట్లాడుకుని విడిపోయారు. ఎవరండీ అంటే తెలీదన్నారు. మరి మిలట్రీ ఆయనని ఎలా తెలిసింది అంటే, "సెల్యూట్ చూస్తే తెలియదా మేడమ్" అన్నారు. నా కౌంటరు దగ్గర ట్యాగు వేసిన ఫైలు చూసి నేను పట్టేసినట్టే కాబోలు.

ఉండవల్లి దాటాక తెల్లారింది. అరటి తోటల మీద మంచు, పూల మూటలు కట్టుకున్న మోపెడ్లు ఊళ్లోకి పోతున్నాయి. ఒక టీకొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాయన, "ఎందాకమ్మా?" అని అడిగాడు. పెనుమాక దాకా వెళ్లి మళ్లీ బెజవాడ అన్నాను. "ఆటోలున్నాయిగా" అన్నాడు, నిజంగానే జాలిపడి. మిలట్రీవాళ్ల కోసం అని మావాళ్లెవరో చెబితే, లోపలికెళ్లి నీళ్ల సీసాలు తెచ్చిచ్చాడు, డబ్బులు పుచ్చుకోలేదు.

వచ్చేటప్పుడు అసలు కథ. పదహారో కిలోమీటరు దగ్గర నా మాట ఆగిపోయింది. మోకాలి కింద ఏదో పట్టేసింది, బొటనవేలి గోరు బూటుకు తగిలి మంట. హవల్దార్ గారు నా మాట ఆగడం గమనించి వేగం తగ్గించారు, ఏమీ అనలేదు. పక్కన పరుగెత్తే సాఫ్ట్‌వేర్ కుర్రాడు మాత్రం ఉత్సాహపరచాలని, మేజర్ డి.పి. సింగ్ గురించి మొదలెట్టాడు. 1999 జూలైలో మోర్టారు పేలి చచ్చిపోయాడనుకున్న మనిషి, కుడికాలు పోయింది, కృత్రిమ కాలితో హాఫ్ మారథాన్లు పరుగెత్తాడు, ఇండియన్ బ్లేడ్ రన్నర్ అంటారు. అంతా నిజమే. గొప్ప సంగతే. కానీ ఆ క్షణంలో నా పిక్కకు ఆ గొప్పతనం ఏమీ పట్టలేదు. "బాబూ, ఆయన మేజరు. నేను క్లర్కుని" అన్నాను. హవల్దార్ గారు నవ్వారు. ఆయన అలా పళ్లు కనబడేలా నవ్వగా చూడటం అదే మొదలు.

తర్వాత ఆయన ఒక ఉపాయం చెప్పారు. "నడవండి మేడమ్. కరెంటు స్తంభం నుంచి స్తంభం దాకా నడక, తర్వాత స్తంభం దాకా పరుగు. ఆగడం మాత్రం వద్దు, ఆగితే కాలు బిగుసుకుపోతుంది." బ్యారేజీ మీద గేట్లు లెక్కపెట్టమన్నారు. ముప్పై దాకా సరిగ్గానే వచ్చాను, తర్వాత భవానీల గుంపులో కలిసిపోయి లెక్క తప్పింది. తప్పినా ఒకటే, ఎన్నున్నాయో ముందే తెలుసుగా.

చివరి కిలోమీటరు బందరు రోడ్డు మీద. అప్పటికి ట్రాఫిక్ మొదలైంది, సిటీ బస్సు కండక్టరు తలుపులోంచి వంగి చప్పట్లు కొట్టాడు. మూడు గంటలు దాటేసింది. నాతో రాకపోతే హవల్దార్ గారు రెండు గంటల్లోపే పూర్తిచేసి ఇంటికెళ్లి స్నానం కూడా చేసి ఉండేవారు. ఈ మాటే అంటే, "మా బ్యాటరీలో, అంటే ఫిరంగుల దళంలో, రూట్ మార్చ్ అయినట్టు చివరివాడు వచ్చాకే లెక్క" అన్నారు.

స్టేజీ మీద మాజీ సైనికులకు శాలువాలు కప్పుతున్నారు. హవల్దార్ గారి పేరు పిలిచినప్పుడు ఆయన లేరు. స్టేడియం వెనక గేటు దగ్గర అయిదు కిలోమీటర్ల పిల్లలకు అరటిపళ్లు పంచుతున్నారు. పిలవడానికి వెళ్లినవాళ్లు ఎడమవైపు నుంచి పిలిచారనుకుంటా, వినిపించలేదు. వినిపించలేదనే అనుకుందాం.

అక్కణ్ణించి గాంధీనగర్ బాబాయ్ హోటల్‌కి వెళ్లి వెన్న వేసిన ఇడ్లీ తిన్నాను. సరిహద్దు షుగరు ఆవేళ్టికి సరిహద్దు దాటినా ఫర్వాలేదనిపించింది. గోరు నల్లబడింది. మెట్లు దిగడం రెండ్రోజులు వెనక్కి తిరిగి చేయాల్సొచ్చింది, బ్రాంచిలో అందరికీ అది టీవీ సీరియల్ కంటే బాగుంది.

సోమవారం పొద్దున్నే మేనేజరు గారి క్యాబిన్లోకి వెళ్లి నిలబడ్డాను. కిలోమీటరుకు వెయ్యి, ఇరవై ఒక్క కిలోమీటర్లు. పైన ఉన్న 97 మీటర్లు వదిలేస్తున్నానన్నాను. ఆయన నా వైపు చూశారు, గార్డు గారి వైపు చూశారు, పర్సు తీయబోయి ఫోను తీశారు. పంపించేశారు పాపం, అన్న మాట తప్పే మనిషి కాదు. వచ్చిన విరాళాలన్నీ కలిపి పతాక నిధికి ఆన్‌లైన్లో పంపించాం, రసీదు గ్రూపులో పెట్టాం. ఖర్చుల లెక్క కూడా పెట్టాం, అరటిపళ్లతో సహా.

సింగ్‌నగర్ ఆవిడకు ఈ పరుగు సంగతేమీ తెలీదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఆవిడ కాగితం వేరే దారిలో నడుస్తోంది. తడిసిన పుస్తకంలో నంబరు సగమే ఉంది కాబట్టి బెంగళూరులోని రికార్డ్స్ ఆఫీసుకు రాశాం. హవల్దార్ గారు ఆ పుస్తకాన్ని వారం రోజులు ఫ్యాను కింద పెట్టి, పేజీల మధ్య వార్తాపత్రిక ముక్కలు పెట్టి, ఒక్కో పేజీ విడదీశారు. మూడో పేజీ వెనక నంబరు మొత్తం దొరికింది. అదొక్కటీ లేకపోతే ఎన్ని ఉత్తరాలు రాసినా మనిషి దొరకడు. వెతుకులాటలో రోజులు గడిచి, దరఖాస్తు పోయేసరికి నవంబరు వచ్చేసింది. నాలుగు వేలు ఎనిమిది వేలైన నవంబరు. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఈ ఒక్కసారికి తిరగబడింది. ఇంకా మంజూరు కాలేదు. అయ్యేదాకా ఆవిడ నెలకోసారి వస్తారు, నేను కంప్యూటర్లో చూసి చెప్తాను, ఆవిడ గేటు దగ్గర హవల్దార్ గారితో కాసేపు మాట్లాడి, ఆయన ఎక్కించిన ఆటోలో వెళ్తారు.

మీ వీధిలోనో, మీ ఊళ్లోనో ఇలాంటివాళ్లు ఉంటే నాకు తెలిసినంతలో చెప్తున్నాను. ముందు డిశ్చార్జ్ బుక్ వెతికించండి. చిరిగినా, తడిసినా పారెయ్యనివ్వకండి. బీరువా అడుగున, దేవుడి గూట్లో, పాత ట్రంకు పెట్టెలో చూడమనండి. ఆధార్లో పేరు, డిశ్చార్జ్ బుక్‌లో పేరు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట వెంకమ్మ, ఇంకోచోట వెంకట సుబ్బమ్మ ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించుకోవాలి, తర్వాతైతే కష్టం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చే గుర్తింపు కార్డు, ఆదాయానికి రుజువు, సొంత పేరు మీద బ్యాంకు ఖాతా. జాయింటు ఖాతాలో భర్త పేరు ఇంకా అలాగే ఉంటే మా దగ్గరికి తీసుకురండి, మారుస్తాం. పదింటికల్లా కౌంటరు తెరుస్తాం. గేటు దగ్గర హవల్దార్ గారిని అడగండి, కుడివైపు నుంచి. ఒంటిగంటకు మాత్రం రాకండి, లంచ్ టైము.